దొంగ దారం

బొమ్మల షెడ్డు,
సోమవారం మధ్యాహ్నం

వదినా,

ఎలా ఉన్నావు, అన్నయ్య ఎలా ఉన్నాడు, అక్కడ ఎండలెలా ఉన్నాయి, ఇవన్నీ చివర్లో అడుగుతాను. ముందు పని. మోటార్లతో బొమ్మల దారాలు లాగించడానికి నువ్వు ప్రోగ్రాం రాసి మూల పడేసిన ఆ దారాల లైబ్రరీ నాకు కావాలి. వెంటనే కావాలి. అసలు నిన్ననే కావాల్సింది.

సంగతి చెప్తా విను. నాన్న వేళ్ళు బిగుసుకుపోయాయి. టీ గ్లాసు కూడా రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతున్నాడు. ఇక దారాలేం లాగుతాడు, బొమ్మలేం ఆడిస్తాడు? అందుకని అన్నిటినీ మ్యూజియంకి ఇచ్చేస్తానని మాటిచ్చేశాడు. వాళ్ళు కొత్త హాలు కడుతున్నారట. గోడల రంగులు ఆరగానే వ్యాను వేసుకొచ్చి రాజునీ, రాణినీ, కుంటి గుర్రాన్నీ, మన గుమస్తానీ ఎత్తుకుపోతారు. గుమస్తా, వదినా! ముక్కు చివర కళ్ళజోడు, చేతిలో కలం, రాజుగారు ఒకటి చెబితే ఇంకోటి రాసి తన్నులు తినే మన గుమస్తా! వాడు గాజు బీరువాలో మేకుకి వేళ్ళాడతాడట. నాన్న పైకి "పోనీలే, దుమ్మన్నా పట్టకుండా ఉంటారు" అంటాడు. కానీ రోజూ షెడ్డులోకొచ్చి గుమస్తా ఎదురుగా కాసేపు కూచుని, వాణ్ణి ముట్టుకోకుండానే వెళ్ళిపోతాడు.

నా ఆలోచన ఇది. నువ్వు వదిలేసి వెళ్ళిన మోటార్లు అటక మీద అలాగే ఉన్నాయి. దించి, వేదిక పైన చెక్కకి బిగించాను. నాన్న అవి నేను కొన్నవే అనుకుంటున్నాడు. ఒక్కో మోటారుకి ఒక్కో దారం. ఆట మొత్తం నాకిష్టమైన కంప్యూటర్ భాష లిస్ప్‌లో రాస్తాను. బ్రాకెట్లు ఎక్కువని వెక్కిరించకు. బొమ్మ ఆడుతూ ఉండగానే, ఆపకుండా, దాని ఆట మార్చగలిగే భాష ఇంకోటి చూపించు, గుండు కొట్టించుకుంటాను. కాకపోతే మోటార్లతో మాట్లాడటం నా లిస్ప్‌కి రాదు. నీ సీ భాషకి వచ్చు. నా లిస్ప్ నుంచి నీ సీ ఫంక్షన్లని పిలుస్తాను. నాది బుర్ర, నీది చెయ్యి. సరేనా?

నీకూ నాన్నకీ మాటల్లేవని మర్చిపోలేదు. "మామయ్యా, మీ చేతుల పని మోటార్లు చేస్తాయి" అని నువ్వు మంచికే అన్నావు. ఆయనకి మాత్రం "ఇక మీరెందుకు" అన్నట్టు గుచ్చుకుంది. అప్పట్నుంచీ నువ్వా గట్టున, ఆయనీ గట్టున. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నది కూడా అందుకే. ఈ ఇంట్లో గోడలకే కాదు, గోడల అవతల నాన్నకి కూడా చెవులున్నాయి.

ఎండలెలా ఉన్నాయి?

నీ మరదలు


మూడో అంతస్తు, వంటింటి బల్ల,
శుక్రవారం

బ్రాకెట్ల మహారాణి గారికి,

నీది బుర్రా, నాది చెయ్యా? ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అన్నారా! మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే పడీపడీ నవ్వాడు. అందుకు నా వంతు గిన్నెలు కూడా ఇవాళ ఆయన చేతే తోమించాను.

లైబ్రరీ చిన్న మెమరీ కార్డులో పెట్టి దూదిలో చుట్టి పంపుతున్నాను. ఏ ఫంక్షన్ ఏం తీసుకుంటుందో, ఏమిస్తుందో పట్టికగా అచ్చు తీసి జత చేశాను. కానీ ఒక్క మాట చెవినేసుకో. సీ వట్టి అమాయకురాలు. నువ్వేం చెబితే అది నమ్ముతుంది. నీ లిస్ప్‌లా "అమ్మా, ఇది పూర్ణసంఖ్యా, దశాంశమా" అని తరచి చూడదు. నువ్వు తప్పు చెబితే కోప్పడదు కూడా, తప్పు జవాబు నవ్వుతూ చేతిలో పెడుతుంది. అందుకని నా లైబ్రరీ మీద ఒక్కసారిగా పడిపోకు. సీతో పాటే వచ్చే లెక్కల ఫంక్షన్లలో వర్గమూలం కట్టేది ఉంటుంది కదా, ముందు దాన్ని పిలిచి చూడు. అది సరిగ్గా పలికితే ఆ తర్వాత నా గుమ్మం తొక్కు.

రెండు షరతులు. ఒకటి, మామయ్య గారి దగ్గర నా ఊసెత్తకు. నా చెయ్యి పడిందని తెలిస్తే ఆయన ఆ మోటార్ల వైపు కన్నెత్తి చూడరు. రెండోది, పట్టికలో అన్నిటికంటే కింద "దొంగ దారం" అని ఒక ఫంక్షన్ కనిపిస్తుంది. ప్రస్తుతానికి దాని జోలికి పోకు. ఎందుకని అడక్కు.

గుమస్తా కళ్ళజోడు వదులైతే చెవి వెనక కాస్త మైనం పెట్టు. లేకపోతే వంగినప్పుడల్లా జారుతుంది.

వదిన


బొమ్మల షెడ్డు,
ఎండ ఇంకా ఉంది, దీపం వెయ్యలేదు

వదినా, వదినా, వదినా!

పలికింది! నీ సీ నా మాటకి పలికింది!

ముందు పరువు పోయిన సంగతి చెప్పేస్తా. రెండుకి వర్గమూలం అడిగితే ఫోన్ నంబరంత అంకె ఒకటి నా మొహాన కొట్టింది. నీ సీని నానా తిట్లూ తిట్టాను. తీరా చూస్తే తప్పు నాదే. తిరిగొచ్చేది పూర్ణసంఖ్య అని నేనే రాశాను. అది దశాంశం ఇచ్చింది, నేను దాన్ని పూర్ణసంఖ్యలా చదువుకున్నాను. సరిచేసి మళ్ళీ పిలిచాను. ఒకటీ, చుక్కా, నాలుగూ, ఒకటీ, నాలుగూ! కుర్చీ వెనక్కి పడిపోయేంత గట్టిగా లేచాను. ఎక్కడో ఎవరో ఎప్పుడో సీలో రాసిన ఫంక్షన్, నా బ్రాకెట్ల మధ్య నుంచి కేకేస్తే జవాబు చెప్పింది. ఇదేం సరదా వదినా! ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదో!

ఆ ఊపులోనే నీ లైబ్రరీ తెరిచాను. "తల దారం" అని పిలిచాను. మోటారు గుర్రుమంది. గుమస్తా తలెత్తి కళ్ళజోడు మీంచి నన్ను చూశాడు. నాకు ఒళ్ళంతా పులకరించింది. నేను తల ఊపాను, వాడూ ఊపాడు. అలా ఎంతసేపు ఊపుకున్నామో, అమ్మ కాఫీ పట్టుకొచ్చి చూసి, కాఫీ అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

అయినా నీ సీలో నక్షత్రాల్లాంటి ఆ చుక్కలేమిటి? మెమరీలో అడ్రసుకో చుక్క, అడ్రసుకి అడ్రసుంటే రెండు చుక్కలు! నాకు పట్టపగలే చుక్కలు చూపించావు కదమ్మా.

ఇంకో మాట. మోటారు ఒకటి, మోటారు రెండు అని కాకుండా తల దారం, నడుం దారం, బద్ధకం దారం అని అన్నీ షెడ్డు పేర్లే పెట్టావేం? బద్ధకం దారమంటే ఎడమ మోచేతిదని నాకే తెలీదు. నీకెవరు చెప్పారు?

ఇప్పుడు అసలు ఆలోచన. ఆటని యంత్రం చేత ఆడించను. నాన్న చేతే ఆడిస్తా! వేళ్ళు బిగుసుకున్నాయి గానీ మణికట్లూ మోచేతులూ శుభ్రంగా తిరుగుతున్నాయి. మణికట్టుకి పట్టీ కడతాను, అందులో కదలిక కనిపెట్టే చిన్న బిళ్ళ పెడతాను. ఆయన మణికట్టు తిప్పితే నా లిస్ప్ దాన్ని దారాల భాషలోకి మారుస్తుంది, నీ సీ లాగుతుంది. వేళ్ళతో పనే లేదు. ఏమంటావు?

తల ఊపుతూ,
మరదలు


మూడో అంతస్తు, అట్టపెట్టెల మధ్య,
ఆదివారం పొద్దున

మరదలు పిల్లా,

నీ ఉత్తరం చదువుతూ పాలు పొంగబెట్టేశాను. మీ అన్నయ్య పొయ్యి తుడుస్తుంటే ఆయన వెనకాలే తిరుగుతూ ఇంకోసారి పైకి చదివాను.

కట్టు, పట్టీలు కట్టు! బొమ్మ ఆయన చేతికే రావాలి. నేను ఆ లైబ్రరీ రాసిందే అందుకు. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

మణికట్టు వణికితే బొమ్మ వణక్కుండా చూసుకో. వచ్చిన అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు దారాలకి పంపకు, నాలుగైదింటిని కలిపి సగటు తియ్యి. మామయ్య గారికి కాఫీ తాగాక చేతులు బాగా సాగుతాయి, అప్పుడు కూచోబెట్టు. బద్ధకం దారం ముందు నిదానంగా మొదలవ్వాలి, చివర్లో టక్కున ఆగాలి. గుమస్తా మోచెయ్యి అలాగే దించుతాడు, పని చెప్పారన్న విసుగుతో.

మేం ఇల్లు మారుతున్నాం. నాలుగు వీధుల అవతలే. కొత్త అడ్రసు నీకు రాస్తానని మీ అన్నయ్య మాటిచ్చాడు.

వదిన


బొమ్మల షెడ్డు,
గురువారం

వదినా,

అంతా అయిపోయింది. ఏడుపొస్తోంది, కోపమొస్తోంది, ఏది ముందొస్తే అది రాస్తున్నాను.

నాన్నని కూచోబెట్టాను. మొదట ఒప్పుకోలేదు, తర్వాత "నీ సరదా ఎందుకు కాదనాలి" అని చేతులు చాపాడు. పట్టీలు కట్టాను. మణికట్టు కొంచెం తిప్పాడు. గుమస్తా తలెత్తాడు. నాన్న ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది. "మెడ అలా వంచడే వాడు, కాస్త పక్కకి" అన్నాడు. బొమ్మ ఆడుతూ ఉండగానే నేను ఆ ఫంక్షన్ మార్చేశాను. "ఆఁ, అదీ!" అన్నాడు. ఇంకోటి అడిగాడు, ఇంకోటి మార్చాను. గుమస్తా లేచాడు, దండం పెట్టాడు, తుమ్మాడు. తుమ్మాడు వదినా! నాన్న మొహం చూడాల్సింది. చిన్నప్పుడు వేదిక వెనక చీకట్లో చూసిన మొహం అది.

సరిగ్గా అప్పుడు గుమస్తాకి పిచ్చెక్కింది. చెయ్యి విసిరికొట్టాడు, మోకాళ్ళు తల మీదికొచ్చాయి, కళ్ళజోడు ఎగిరి పడింది. నేను కరెంటు తీసేసే లోపు మోచెయ్యి విరగబోయింది. మళ్ళీ పెట్టాం, కాసేపు బాగా ఆడి మళ్ళీ అదే. నా చేత్తో అంకెలు కొట్టి ఆడిస్తే పూటంతా ఏమీ కాదు. నాన్న పట్టీలు కట్టుకుంటే చాలు, పిచ్చి.

నాన్న పట్టీలు పళ్ళతో లాక్కుని విప్పేసుకున్నాడు. "నీ చేతిలో ఆడుతున్నాడు, నా చేతిలో ఆడటం లేదు. యంత్రానికి కూడా నా చేతులు పనికిరాలేదమ్మా" అన్నాడు. అని మ్యూజియం వాళ్ళకి తనే ఫోన్ చేశాడు. హాలు రంగులు ఆరిపోయాయట. వచ్చే బుధవారం వ్యాను వస్తుంది.

నీ లైబ్రరీలో తప్పో, నా రాతలో తప్పో నాకు తెలీదు. రాసిన ప్రతి వరసా తిరగేసి చూశాను. వ్యాను వచ్చేలోపు చెప్పగలిగితే చెప్పు.

మరదలు


కొత్త ఇల్లు, కింది వాటా, కిటికీ పక్కన,
శనివారం

అమ్మడూ,

ఏడుపు ఆపు, దొరికింది! దొంగ దొరికాడు! ఎలా దొరికాడో వింటే నవ్వుతావు.

మీ అన్నయ్య కొత్త అడ్రసు రాస్తానన్నాడు కదా. రాయలేదు. నీ ఉత్తరం పాత ఇంటికి వెళ్ళింది. అక్కడ ఇప్పుడొక దర్జీ దిగాడు. ఆయన తనకే అనుకుని విప్పి, "గుమస్తాకి పిచ్చెక్కింది, మోచెయ్యి విరగబోయింది" అని చదివి హడలిపోయాడు. ఇల్లిల్లూ వాకబు చేసుకుంటూ ఇవాళ పొద్దున మా గుమ్మంలోకొచ్చాడు. "అమ్మా, మీ ఇంటి గుమస్తా గారికి ఎలా ఉంది? మంచి డాక్టరున్నాడు, చెప్పమంటారా?" అని. మీ అన్నయ్య తలుపు వెనక్కి వెళ్ళి నవ్వుతున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బుర్రలో దీపం వెలిగింది.

పాత ఇల్లు! అదే అమ్మడూ, అదే!

నా లైబ్రరీ ఏం చేస్తుందంటే, ఏ దారం ఎంత లాగాలో చెప్పే అంకెల వరస ఎక్కడుందని నిన్ను ఒక్కసారే అడుగుతుంది. ఆ అడ్రసు దాచుకుంటుంది. ఆ తర్వాత మాటిమాటికీ అక్కడికే వెళ్ళి చూసుకుని దారాలు లాగుతుంది. నీ లిస్ప్‌కేమో శుభ్రత ఎక్కువ. మెమరీ నిండినప్పుడల్లా చెత్త ఊడ్చి, పనికొచ్చే సామాన్ని ఇంకో చోటికి జరిపి సర్దుకుంటుంది. నీ అంకెల వరసని కూడా జరిపేసింది. కొత్త చోటు లిస్ప్‌కి తెలుసు. నా సీకి ఎవరూ చెప్పలేదు. అది పాత ఇంటికే వెళ్ళి, అక్కడ కొత్తగా దిగినవాళ్ళ అంకెలు పట్టుకొచ్చి దారాలు లాగింది. ఇక గుమస్తాకి పిచ్చెక్కక ఏమవుతుంది?

నమ్మకం లేకపోతే, నీ చేత్తోనే బొమ్మని ఆడిస్తూ లిస్ప్‌ని ఇప్పుడే ఊడవమని చెప్పు. అక్కడికక్కడే మోకాళ్ళు తల మీదికొస్తాయి.

తప్పు ఇద్దరిదీ. అడ్రసు దాచుకుంటాను, కదపకండి అని నా పట్టికలో ఒక్క ముక్క రాయలేదు. మా సీ వాళ్ళకి, ఇచ్చిన జాగా ఎవరైనా కదుపుతారన్న ఊహే రాదు. మీ లిస్ప్ వాళ్ళకి సామాను ఎక్కడుందో పట్టదు. మన ఇద్దరి మధ్యా పడి ఆ పెద్దాయన నలిగిపోయారు.

మందు సులువు. అంకెల వరసని లిస్ప్ మెమరీలో పెట్టకు. నా లైబ్రరీనే జాగా అడుగు, "జాగా ఇవ్వు" అన్న ఫంక్షన్ ఉంది. అది నీ లిస్ప్ చీపురు అందని చోట ఇస్తుంది. నువ్వు అక్కడ అంకెలు రాస్తూ ఉండు, సీ చదువుకుంటుంది. ఆట అయిపోయాక మాత్రం "జాగా తీసుకో" అని నువ్వే తిరిగి అప్పజెప్పాలి. అది ఊడ్చేవాళ్ళు లేని ఇల్లు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. నీ చేతిలో ఎందుకు ఆడింది, మామయ్య గారి చేతిలో ఎందుకు ఆడలేదు? నువ్వు కొట్టే అంకెలు పిడికెడు. మెమరీ నిండదు, ఊడుపు రాదు. ఆయన మణికట్ల నుంచి అంకెలు వరదలా వచ్చాయి. అందుకే నిండింది, అందుకే ఊడుపు వచ్చింది. ఆయన చేతులు పనికిరాక కాదు. ఆ చేతుల్లో మనం ఊహించనంత పని ఉండబట్టి! ఈ మాట ఉన్నదున్నట్టు ఆయనకి చెప్పు.

దొంగ దారం ఏదో, ఎలా కట్టాలో వేరే చీటీలో రాసి పెట్టాను, ముందే కట్టేసి ఉంచు. ఇంత చెప్పినా పట్టీలు కట్టుకోనంటే, దొంగ దారం కూడా మోటారుకి కట్టానని ఒక్క మాట అను. అంటే నా చెయ్యి ఉందని ఆయనకి తెలిసిపోతుంది. తెలియనీ. నా మీద కోపంతో మోటార్లు పీకి పారేస్తే పారేస్తారు. ఆ మాట అనకపోతే బుధవారం ఎలాగూ వ్యాను వస్తుంది.

వదిన

(దర్జీ గారు గుమస్తా ఆరోగ్యం గురించి మళ్ళీ కబురు చెయ్యమన్నారు.)


బొమ్మల షెడ్డు,
బుధవారం, వ్యాను వెళ్ళిపోయాక

వదినా!

ఖాళీగా వెళ్ళింది! వ్యాను ఖాళీగా వెళ్ళింది!

ఉండు, ఉండు, వరసగా చెప్తా. నీ ఉత్తరం నిన్న అందింది. చదవగానే లిస్ప్‌ని ఊడవమన్నాను. గుమస్తా మోకాళ్ళు టప్పున తల మీదికొచ్చాయి. పిచ్చెక్కినందుకు వాణ్ణి ముద్దు పెట్టుకున్నాను. నీ దగ్గర జాగా తీసుకుని అంకెలు అందులోకి మార్చాను. మళ్ళీ ఊడవమన్నాను. ఈసారి రెప్ప కూడా కదల్లేదు. ఊడుపు వచ్చినప్పుడల్లా వెలిగేలా మూల ఒక ఎర్ర దీపం పెట్టాను.

నాన్నకి నువ్వు చెప్పమన్నది ఇవాళ పొద్దున చెప్పాను. "నా చేతులు ఎక్కువ కదిలాయనా?" అన్నాడు. అవునన్నాను. చాలాసేపు అరచేతులు చూసుకున్నాడు. అయినా "వద్దమ్మా, ఇంకోసారి వాణ్ణి అలా చూడలేను" అన్నాడు. అంతలో గేటు దగ్గర హారన్. మ్యూజియం వాళ్ళు పెట్టెలు దించుతున్నారు. నాన్న వాళ్ళకి ఎదురెళ్తున్నాడు. వెనకనుంచి అరిచాను, "నాన్నా, దొంగ దారం కూడా మోటారుకి కట్టాను" అని.

ఆగిపోయాడు.

"ఏ దారం?"

"దొంగ దారం."

"ఆ మాట నీకెవరు చెప్పారు?"

నాన్న తిరిగొచ్చి బల్ల మీదున్న నీ పట్టిక మీదికి వంగాడు. తల దారం, నడుం దారం, బద్ధకం దారం, ఒక్కొక్కటీ పెదాలు కదుపుతూ చదివాడు. చివరిదాని దగ్గర ఆగి నవ్వడం మొదలుపెట్టాడు. "ఆ మాట నా నోట విన్న మనిషి ఈ భూమ్మీద ఒక్కర్తే ఉంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో నా పక్కన కూచుని చిక్కులు తీస్తుంటే చెప్పాను. నీకు చెప్పలేదు, మీ అన్నకి చెప్పలేదు. ఇన్నాళ్ళూ దాచిందన్నమాట! దాచి, యంత్రంలో కూడా దానికి చోటు పెట్టింది!" అని చేతులు చాపాడు. "కట్టు."

నీళ్ళు నిండి కళ్ళు కనబడక పట్టీ తిరగేసి కట్టాను, తిట్టాడు, మళ్ళీ కట్టాను.

మ్యూజియం వాళ్ళు పెట్టెలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. గుమస్తా లేచాడు. దండం పెట్టాడు. విసుగ్గా మోచెయ్యి దించాడు, నువ్వు చెప్పినట్టే, టక్కున. ఎర్ర దీపం వెలిగింది. నేను కరెంటు స్విచ్చి మీద చెయ్యి వేశాను. గుమస్తా ఏమీ పట్టనట్టు వంగి తుమ్మాడు. మళ్ళీ వెలిగింది. వాడు మళ్ళీ తుమ్మాడు! పెట్టె పట్టుకున్నాయన పకపకా నవ్వాడు. అప్పుడు నాన్న కుడి మణికట్టు కాస్త, కాస్తంటే కాస్త, లోపలికి తిప్పాడు. గుమస్తా చొక్కా చేతిలోంచి వెళ్ళే ఆ దొంగ దారం, ఎవరికీ కనబడనిది, వాడి మణికట్టుని కాగితం మీదికి ఒంపింది. వాడు రాశాడు వదినా. చేతిని ఎవరో ఆడించినట్టు లేదు, వాడే రాసినట్టుంది. ఇన్నేళ్ళూ వేదిక వెనక పెరిగిన నేను కూడా వాడే రాస్తున్నాడనుకున్నాను!

"వాణ్ణి తీసుకెళ్ళాలంటే పక్కన ఇంకో మేకు కొట్టి నన్ను కూడా వేళ్ళాడదియ్యండి" అన్నాడు నాన్న వాళ్ళతో. మిగతావాళ్ళనీ ఇవ్వడట. రాజు లేనిదే గుమస్తాని తన్నేదెవరు అంటాడు. వాళ్ళు ఆట ఎప్పుడని అడిగి వెళ్ళారు. అమ్మ వాళ్ళకి కాఫీలిచ్చి, లోపలికొచ్చి గట్టిగా ముక్కు చీదుకుంది.

నీకు ఫోన్ చెయ్యమన్నాను. "నా కోడలికి నేనే రాసుకుంటా" అన్నాడు. కలం పట్టలేవు కదా అంటే గడ్డంతో గుమస్తాని చూపించాడు. గుమస్తా పలకంత కాగితం పాడుచేశాడు, ఇంకోటి పాడుచేశాడు, మూడోది జత చేస్తున్నాను. సిరా ఆరేదాకా ఆగి మడిచాను. ఇక్కడ దారాలన్నీ నున్నగా, ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆయన రాయించింది నమ్మకు. నమ్మినట్టు నటించు.

ఈసారి మీ కొత్త ఇంటికే పంపుతున్నాను.

మరదలు


గుమస్తా బల్ల

కోడలు పిల్లా

దారాలు చిక్కుపడ్డాయి

రా